కదిరమ్మ పూసుకున్న మందు

ఓబమ్మ కోడలికి సంగటి పెట్టే పద్ధతి వీధిలో అందరూ చూసేవారు. ముద్దను పైనుంచి సత్తు తట్టలోకి జారవిడిచి, రెండడుగులు వెనక్కి జరిగేది. కోడలు కదిరమ్మ మేకల దొడ్డిలో కూర్చుని తినేది. తాగడానికి వేరే చెంబు, పడుకోవడానికి గోనెపట్ట. నిడుగల్లు కొండ కిందున్న ఆ వీధిలో ఇది తప్పని అన్నవాళ్లు ఒక్కరూ లేరు. పిల్లలు తిరిగే ఇల్లు, ఆమాత్రం జాగ్రత్త ఉండాలి కదా అన్నారు.

కదిరమ్మ చేసిన నేరం ఒంటిమీద దురద. మోచేతి మడతల్లో, మెడమీద, మోకాళ్ల వెనక ఎర్రగా పొక్కి రసి కారేది. చిన్నప్పటినుంచీ వచ్చిపోతున్నదే. వరుసగా మూడో ఏడు వాన మొహం చాటేసిన ఆ కరువులో, ఎండు చెట్లనుంచి వేరుశనగ కాయలు తెంపే కూలికి పోయి దుమ్ములో కూర్చున్నాక ఒళ్లంతా పాకింది. అప్పటికి ఆమెకు మూడో నెల.

"గజ్జిదాన్ని మాకు కట్టబెట్టినారు. దాని కడుపున పుట్టేదీ గజ్జితోనే పుడతాది," అనేది ఓబమ్మ, నలుగురూ వినేటట్టు. మొగుడు మారప్ప తల్లికి ఎదురు చెప్పలేదు. తానూ దూరంగానే మసిలాడు.

సంతరోజు కదిరమ్మ మందులంగడి ఈరయ్య దగ్గరికి పోయి, మెడమీది చెంగు కొంచెం తొలగించి చూపించింది.

"అన్నా, దీనికేమన్నా మందు ఉండాదా?"

ఈరయ్య కూర్చున్నచోటినుంచి లేవకుండానే ఒక ట్యూబు ముందుకు తోశాడు. "పూసుకో. నాలుగు దినాల్లో పోతాది."

"నేను కడుపుతో ఉండానన్నా."

"పైపూత మందమ్మా ఇది. కడుపులోకి యాడ పోతాది?" అని నవ్వాడు.

నాలుగు రోజుల్లో ఒళ్లు నున్నబడింది. ఓబమ్మ కోడలి చేతులు తిప్పి తిప్పి చూసి, "రా, లోపలికొచ్చి తిను," అంది. మారప్ప పక్కనే కూర్చుని తిన్నాడు. ముద్ద నోట్లో పెట్టుకోబోతూ కదిరమ్మ ఏడ్చేసింది.

ట్యూబు అయిపోయిన వారానికి దురద మళ్లీ వచ్చింది, ముందుకన్నా ఎర్రగా. ఓబమ్మ చేయి చాపి దొడ్డివైపు చూపించింది. అంతే, కదిరమ్మ అంగడికి పరుగెత్తింది. ఆనాటినుంచి మందు మానలేదు. దురదున్నచోట పూసింది, లేనిచోటా పూసింది, పొట్టమీదా పూసింది. చర్మం ఉల్లిపొరలా పలచబడి, కాయలు తెంపుతుంటే వేళ్లు చిట్లి నెత్తురొచ్చేది. తొడలమీద పడ్డ ఎర్రటి చారలను చీర కప్పింది.

ఏడో నెలలో ఊళ్లు తిరిగే నర్సమ్మ పొట్ట కొలిచి మొహం చిట్లించింది. "బిడ్డ ఎదగలేదు. ఏమన్నా మందులు వాడుతున్నావా?"

కదిరమ్మ నోరు తెరిచేలోగానే ఓబమ్మ అందుకుంది. "మా ఇంట్లో ఎవురికీ ఏ రోగమూ లేదమ్మా." కోడలు తల దించుకుంది. నిజం చెబితే మళ్లీ దొడ్డే. నర్సమ్మ ఆస్పత్రికి చీటీ రాసిచ్చింది. తీసుకుపోయినవాళ్లు లేరు.

ఎనిమిదో నెలలోనే నొప్పులొచ్చాయి. ఆడపిల్ల పుట్టింది, రెండు అరచేతుల్లో ఇమిడేంత. అప్పుడు పరుగున ఆస్పత్రిలో చేర్చారు. మూడో రోజు మధ్యాహ్నం పిల్ల పోయింది.

"దీని గజ్జే తినేసింది నా మనవరాల్ని!" అని ఓబమ్మ వార్డంతా దద్దరిల్లేలా అరిచింది.

డాక్టరమ్మ వచ్చి కదిరమ్మ చేయి పట్టుకుని చర్మం చూసింది. ఇన్ని నెలల్లో ఆ చేతిని జంకు లేకుండా పట్టుకున్న మనిషి ఆమె ఒక్కతే. కదిరమ్మ ఈసారి దాచలేదు. అంతా చెప్పింది.

"ఇది గజ్జి కాదు ఓబమ్మా. ఒకరినుంచి ఒకరికి అంటదు," అంది డాక్టరమ్మ. "ఈ పూతమందులో ఉన్నది స్టెరాయిడ్. దురదకు మేమూ ఇస్తాం. గర్భిణికైతే తక్కువ బలమున్నది, అవసరమైన చోట, కొన్నాళ్లు వాడమంటాం. దానికి భయం లేదు. ఈమె పూసుకున్నది చాలా గట్టిది. ఒళ్లంతా నెలలకొద్దీ రుద్దితే చర్మంలోంచి నెత్తురులోకి పోతుంది. బిడ్డ ఎదుగుదల తగ్గొచ్చు. ఇదొక్కటే చంపిందని నేను చెప్పలేను. అరకొర తిండి ఉంది, దొడ్డిలో పడక ఉంది. మొదట్లోనే తీసుకొచ్చి ఉంటే ఆ పిల్లను బతికించుకునే దారి దొరికేదేమో."

"నేనే చంపుకుంటినా అమ్మా?" అంది కదిరమ్మ.

డాక్టరమ్మ ఓబమ్మ వైపు చూసింది. ఓబమ్మ మొహం తిప్పుకుంది. అంతా విన్న మారప్ప చేతులకు తువ్వాలు చుట్టుకుని, తన చర్మానికి తగలకుండా, కన్నబిడ్డను అందుకున్నాడు. తల్లీ కొడుకూ బస్సెక్కి వెళ్లిపోయారు. కదిరమ్మ కోసం ఎవరూ తిరిగి రాలేదు. ఏడాది తిరక్కుండానే ఆ ఇంటికి ఇంకో కోడలు వచ్చింది.

కదిరమ్మ అరసికెరెలో అన్న దాసన్న ఇంటికి చేరింది. ఒకనాడు బోరింగు దగ్గర ఆంజినమ్మ అనే అత్త, నెలలు నిండుతున్న కోడల్ని, "గోక్కునే చేత్తో బిందె ముట్టొద్దు మే," అని కసిరింది. కదిరమ్మ వెళ్లి ఆ పిల్ల చేయి పట్టుకుంది.

"అత్తా, ఈ బిడ్డను రేపే ఆస్పత్రికి తోడుకపో. డాక్టరు ఇచ్చిన మందు, చెప్పినంతే పూయండి. అంగడోడు ఇచ్చినాడని కడుపుతో ఉండేదానికి ఏ మందూ రుద్దొద్దు. దురదొచ్చిందని మనిషిని దూరం పెట్టొద్దు, దూరం పెడతారనే భయంతోనే నేను పూసుకుంటి."