మౌస్‌ని ఎడంపక్కకి జరిపిందెవరు

నేను ఒక మౌస్‌ని. కింద ఎర్రదీపం వెలిగే రకం కాదు, పొట్టలో బరువైన రబ్బరు బంతి పెట్టుకుని దొర్లే పాతరకం. నన్ను తయారుచేసింది ఎవరో, ఎక్కడో నాకు తెలీదు. అట్టపెట్టె మూత తీసేసరికి తాడేపల్లిగూడెంలో ఒక శుభలేఖల షాపు బల్లమీద ఉన్నాను. మధ్యలో సముద్రం దాటి వచ్చానంటారు. నేను చూడలేదు కాబట్టి నమ్మను. ఈ అనుమానపు బుద్ధి నాకు పుట్టుకతో రాలేదు. గవర్రాజు అరచేతిలోంచి అంటుకుంది.

ఆ షాపు గవర్రాజు, అతని బావమరిది దొరబాబు కలిసి నడిపేవారు. గవర్రాజు భార్య నూకరత్నం ప్రూఫులు దిద్దేది. ఇల్లు షాపు వెనకే. ముహూర్తాల రోజుల్లో నాకు ఊపిరాడేది కాదు. ఒప్పజెప్పే మొదటి కార్డుకి నాలుగు మూలలా పసుపు రాసివ్వడం వాళ్ళ అలవాటు. ఆ పసుపు చేత్తోనే నన్ను పట్టుకునేవారు, నా బంతి పచ్చబడిపోయేది. తర్వాత మూఢం వచ్చింది. మూఢంలో పెళ్ళిళ్ళుండవు, శుభలేఖలుండవు. బావా బావమరుదులిద్దరూ ఆటల్లో పడ్డారు. ఎవరో ఇచ్చిన సీడీలో వచ్చిన పాత ఆటలు, తెల్లదొరల దేశంలో ఎప్పుడో చేసినవి.

గవర్రాజుది తుపాకుల ఆట. ఎర్రదుమ్ము ఊరు, చెక్క ఇళ్ళు, నీళ్ళతొట్టి దగ్గర కదలని గుర్రం, పెద్ద టోపీల మనుషులు. దగ్గరికెళ్తే ఆ మనుషుల మొహాలు గళ్ళు గళ్ళుగా విడిపోతాయి. అయినా గవర్రాజు గుండె కొట్టుకోవడం వేళ్ళలోంచి నాకు తెలిసేది. ఆ ఆట నేర్పేది కాల్చడం అనుకుంటారు గానీ, అనుమానించడం. ఖాళీ గది అంటే అనుమానం. తలుపు దానంతటది తెరుచుకుంటే అనుమానం. మంచి జరిగితే మరీ అనుమానం. ఓ మూల మందుల పెట్టెలు, తూటాలు దండిగా కనిపించాయంటే పక్కగదిలో ఏదో గండం కాచుకుని ఉందన్నమాట. లేకపోతే ఊరికే ఎవడు పెడతాడు? అవి కనబడగానే గవర్రాజు అరచెయ్యి తడిసిపోయేది.

దొరబాబుది ఇంకో తరహా. దీవి, దీవిలో ఆరిపోయిన దీపస్తంభం, దాన్ని వెలిగించాలి. కాల్పులు లేవు, కనిపించినవన్నీ నొక్కి చూడటమే. మొదట్లో ఒక సీసాని అక్కర్లేదనుకుని వదిలేశాడు. ఎనిమిది రోజులాడాక అది లేకుండా ముందుకి దారి లేదని తేలింది, మళ్ళీ మొదటికొచ్చాడు. అప్పట్నించి దేన్నీ వదల్లేదు. గోడమీద ఒక మేకు బొమ్మ గీశారంటే ఎందుకు గీశారని ఆరా. తాడు, పగిలిన లాంతరు, చచ్చిన చేప, అన్నీ సంచిలో వేసుకుని తిరిగేవాడు. ఏది దేనికో తెలీదు, అయినా ఒక్కటి ఖర్చుపెట్టడు.

గవర్రాజు నెలరోజులుగా ఒకచోటే ఆగిపోయాడు. సత్రం గుమ్మంలో నల్లటోపీ మనిషి నడుంమీద చెయ్యేసుకుని నిలబడి ఉంటాడు. గవర్రాజు వాణ్ణి కాలుస్తాడు. వెంటనే ఇళ్ళ కప్పులమీంచి పన్నెండుమంది లేచి గవర్రాజుని కాలుస్తారు. మళ్ళీ మొదలు.

రెండు ఆటల్లోనూ ఆగినచోటు దాచుకోడానికి ఒక్కటే అర. ఒకరు దాచింది ఇంకొకరు చెరపగలరు. ఒకరోజు సాయంత్రం గవర్రాజు ఆట తెరిచేసరికి అతని మనిషి సత్రం లోపల ఉన్నాడు. దొరబాబు సంచిలో సగం సామాను లేదు, దీవిలో వంతెన దిగి ఉంది. నేను కీబోర్డుకి ఎడంపక్కన ఉన్నాను.

"నా ఆట నువ్వెందుకు ఆడావురా?"

"నేనా? నా సంచి ఖాళీ చేసింది మీరు కాదా బావా? పైగా ఈ మౌస్ ఎడంపక్కకి పెట్టడమొకటి, నన్ను ఉడికించడానికి."

మర్నాడూ అంతే. ఇద్దరూ కాపలా మొదలెట్టారు. మధ్యాహ్నం భోంచేసి ఇంట్లో చెరో చాపమీద పడుకుని, నిద్ర నటిస్తూ ఒకర్నొకరు ఓరకంట కనిపెట్టుకునేవారట. ఇద్దరూ చాప దిగలేదు. అయినా సాయంత్రానికి ఆటలు ముందుకి జరిగి ఉండేవి, నేను ఎడంపక్కన ఉండేదాన్ని. అప్పటికైనా బుర్ర వెలగాలి. వెలగలేదు. ఎదుటివాడు పొద్దున్నే వచ్చి ఆడిపోతున్నాడని ఇద్దరూ తీర్మానించుకున్నారు.

ఆ మధ్యాహ్నాల్లో షాపు చూసుకునేది నూకరత్నం. షట్టరు సగం దించి కుర్చీలో కూర్చుని, నన్ను ఎడంపక్కకి లాక్కునేది. ఆమెది ఎడంచేతి వాటం. మొదటిరోజు నల్లటోపీ మనిషి ఎదురయ్యాడు. ఆమె చూపుడువేలు నా కుడి మీటమీద పడింది. గవర్రాజు చూపుడువేలు ఎప్పుడూ పడేది ఎడమ మీటమీద, అది కాల్చే మీట. కుడిది నొక్కితే తుపాకీ ఒరలోకి వెళ్తుంది. వెళ్ళింది. నల్లటోపీ మనిషి ఏదో గొణిగి, నడుంమీది చెయ్యి తీసి తలుపు తెరిచి పక్కకి తప్పుకున్నాడు. గవర్రాజు నెలరోజులుగా చంపుతున్నది దారి ఇవ్వడానికి నిలబడ్డ మనిషిని. రత్నం పెదవి విరిచి ఒక నవ్వు నవ్వింది. ఆమె అరచెయ్యి పొడిగానే ఉంది.

ఎందుకు చెప్పలేదంటే, మొదట సరదాకి. తర్వాత, దీవి ఆటలో దీపస్తంభం దగ్గరపడింది, చెప్తే కుర్చీ పోతుందని. ఇంతలో ముదిరింది. బావ దొంగబుద్ధి అన్నాడు, బావమరిది అభిమానపడ్డాడు. మాటలు మానేశారు. మూఢం వెళ్ళగానే షాపు విడగొట్టుకోవాలని, సోమవారం కంప్యూటర్ అమ్మేయాలని అనేసుకున్నారు. ఆ మాట రత్నంతో విడివిడిగా ఇద్దరూ చెప్పారు. ఒకడు కట్టుకున్నవాడు, ఒకడు తోడబుట్టినవాడు. రేపట్నించి ఎవరి గుమ్మం తొక్కినా రెండోవాడికి కోపమే. పాపం, ఆమెకి ఆ పూట అన్నం సయించలేదట.

ఆదివారం మధ్యాహ్నం ఇద్దర్నీ షాపులోకి పిలిచి చెరోపక్కా నిలబెట్టింది. కూర్చుని నన్ను ఎడంపక్కకి జరిపింది.

"అటు పెట్టావేంటి రత్నం?" అన్నాడు గవర్రాజు.

ఆమె ఆట మొదటినుంచి తెరిచి, సత్రం గుమ్మం దాకా నడిపించి, తుపాకీ ఒరలో పెట్టింది. నల్లటోపీ మనిషి పక్కకి తప్పుకున్నాడు.

"అక్కా, నువ్వా?" అన్నాడు దొరబాబు.

ఇద్దరూ ఒక్కసారి నవ్వేశారు. ఇన్నాళ్ళ బరువు దిగిపోయిన నవ్వు. గవర్రాజు బావమరిది భుజంమీద చెయ్యేశాడు. "ముందే చెప్పొచ్చు కదే. నీమీద మాకు అనుమానమే రాలేదు, తెలుసా?" అన్నాడు. మెచ్చుకుంటున్నాననే అనుకున్నాడు, పిచ్చి మనిషి.

రత్నం నవ్వలేదు.

"అచ్చుయంత్రం ఉన్న రోజుల్నించీ, పద్దెనిమిదేళ్ళుగా, ఈ ఎడంచేత్తోనే మీకు ప్రూఫులు దిద్దుతున్నానండీ. నా చేతి అన్నమే తిన్నావురా తమ్ముడూ. మౌస్ రోజూ ఎడంపక్కన దొరికింది. అయినా నామీద అనుమానం రాలేదా?"

ఆమె అరచెయ్యి చెమర్చడం నాకు ఆ రోజే మొదటిసారి తెలిసింది.

షాపు విడిపోలేదు, కంప్యూటర్ అమ్మలేదు. కొన్నాళ్ళకి నా బంతి అరిగిపోతే ఎర్రదీపం మౌస్ వచ్చింది, నన్ను పాత రబ్బరుస్టాంపులతో పాటు సొరుగులో పడేశారు. సొరుగు సరిగా మూసుకోదు, సందులోంచి బల్ల కనిపిస్తుంది. మధ్యాహ్నం భోజనానికి లేచేముందు గవర్రాజు ఆ కొత్తదాన్ని తీసి కీబోర్డుకి ఎడంపక్కన పెట్టి వెళ్తాడు. అది మర్యాదో, ఉచ్చో నేనింకా తేల్చుకోలేదు. అంత కాలం అతని చేతిలో ఉన్నదాన్ని, అంత తేలిగ్గా నమ్మలేను. రత్నం మాత్రం తేల్చుకున్నట్టే ఉంది. ఇప్పుడామె షట్టరు దించడం లేదు.