పదమూడో ప్రశ్న

"పని చేసుకుంటాండావ్ గదా, ఇంగ నీకేం రోగం?" అన్నాడు గురుప్రసాద్ జొన్నరొట్టె తుంచుకుంటూ. నాగజ్యోతి పెద్దగా ఏమీ అనలేదు. నెలల తరబడి నిద్ర పట్టడం లేదని మాత్రం అన్నది. ఆ మాటకు మొగుడిచ్చిన జవాబు అది.

పదకొండేళ్ల కాపురంలో ఆ మాట ఆమెకు కొత్త కాదు. బాలింతగా జ్వరంతో వణుకుతూ చపాతీ పిండి కలిపిన రోజు అత్త కూడా అదే అన్నది. కానీ ఈ పొద్దున పెనం మీద రొట్టె మాడుతున్నా చెయ్యి కదల్లేదు. ఐదు నెలల కిందట ఆళ్లగడ్డలో అదే మాట తన నోటితో తానే అన్నది మరి.

అది రెండు వేల మూడు. డిప్రెషన్ అని డాక్టర్లు అనే దిగులు జబ్బు ఆడవాళ్లకు ఎందుకొస్తోంది, మాత్రలతో తగ్గుతుందా మాటలతో తగ్గుతుందా అని నగరం నుంచి వచ్చినవాళ్లు ఆళ్లగడ్డలో పరిశోధన పెట్టారు. నంద్యాల నుంచి రోజూ బస్సులో పోయి ఇల్లిల్లూ తిరిగి ప్రశ్నలడగడం నాగజ్యోతి ఉద్యోగం. ఇరవై ప్రశ్నలు. ఎనిమిదింటికి 'అవును' వస్తే డాక్టరు దగ్గరికి పిలుస్తారు. ఏడే వస్తే కాగితం కట్టలోకి పోతుంది. ఏడున్నర దిగులంటూ పరిశోధనలో ఉండదు మరి.

అట్లా తిరిగిన ఇళ్లలో ఆదిలక్ష్మిది విగ్రహాలు చెక్కే ఇల్లు. మగవాళ్లు చెక్కి లేచాక, నీళ్లు పోస్తూ రాతిముక్కతో విగ్రహాన్ని నున్నగా రుద్దేది ఆడవాళ్లు. పేరు శిల్పికి వస్తుంది, వేళ్లు వీళ్లవి అరుగుతాయి. కాసేపు పక్కకు రమ్మంటే ఆమె అత్త కమలాక్షమ్మ ఒప్పుకోలేదు. "అడుగమ్మా. చెవులు ఖాళీనే గదా, చేతులెందుకు ఆపల్ల?" అన్నది.

ఆదిలక్ష్మి రుద్దుతూనే జవాబులు చెప్పింది. నిద్ర లేదు. ఆకలి లేదు. ఏడుపొస్తుందా అంటే, అత్త లోపలికి పోయేదాకా ఆగి తలూపింది. పన్నెండు ప్రశ్నలకే ఏడు 'అవును'లు పడ్డాయి. పదమూడోది, "రోజూ చేసుకునే పనులు కష్టమనిపిస్తున్నాయా?"

ఆదిలక్ష్మి తలెత్తి చూసింది. "నీకెట్లుందక్కా?"

ఆ ఇంట్లోనే కాదు, ఏ ఇంట్లోనూ నాగజ్యోతిని ఎవరూ అలా అడగలేదు. "నాకేం, పని చేసుకుంటాండా గదా," అని నవ్వేసింది. నాలుగింటి బస్సు తప్పితే రాత్రి వంట ఆలస్యమవుతుంది, గురుప్రసాద్ మొహం మాడ్చుకుంటాడు. ఆదిలక్ష్మి నోరు తెరిచేలోగా, ఆగకుండా తిరుగుతున్న ఆ చేతుల్ని చూసి, 'లేదు' గడిలో గీత పెట్టేసింది. మిగతా ఏడు ప్రశ్నలకూ 'లేదు' అనే వచ్చింది. మనసు విప్పబోతే నవ్వేసిన మనిషికి ఎవరు మాత్రం ఏం చెబుతారు?

రెండో విడత ప్రశ్నలకు నిన్న మళ్లీ పోయింది. విగ్రహం దగ్గర కమలాక్షమ్మే కూర్చుని రుద్దుతోంది.

"రెండు నెలలాయ, కోడలు చెయ్యి కదపల్యా. గోడ తిక్కు చూస్తా కూచుండె. డోన్‌లో వాళ్లమ్మ కాడ ఇడిసొచ్చినాము. పిల్లోల్లు ఈడనే ఉండారు. పని చేసినన్నాళ్లు బాగనే ఉండె గదమ్మా."

నాగజ్యోతి నేరుగా సూపర్‌వైజర్ శేషయ్య దగ్గరికి పోయి, ఆ గీత తాను పెట్టిందే కానీ ఆమె చెప్పింది కాదని ఒప్పుకుంది. "కంప్యూటర్లోకి ఎక్కేసిందమ్మా. ఒక్క కాగితంతో పరిశోధన ఏం చెడిపోదులే," అన్నాడాయన. పరిశోధన చెడిపోలేదు, నిజమే. చెడిపోయింది ఆదిలక్ష్మి బతుకు. ఒక్క నిమిషం ఆగి ఉంటే, పోతే ఒక బస్సు పోయేది. ఆ గడిలో తాను రాసింది ఆదిలక్ష్మి జవాబు కాదు, తన అబద్ధం. ఎల్లుండి బుధవారం డాక్టరు వస్తాడు, మనిషిని తీసుకొస్తే చూస్తాడు అని చివరికి శేషయ్య అన్నాడు. వస్తుందో రాదో, వచ్చినా ఈసారి నోరు విప్పుతుందో లేదో నాగజ్యోతికి తెలియదు.

"మాడు వాసన వస్తాంది," అన్నాడు గురుప్రసాద్.

ఆమె స్టౌ ఆర్పింది. చేతులు కడుక్కుని, గోడకున్న సంచీ తీసుకుంది.

"ఏందీ, ఇంత పొద్దున్నే యాడికి?"

"డోన్‌కు. ఆదిలక్ష్మిని తీస్కొని రేపు ఆళ్లగడ్డకు పోతా. డాక్టరుకు చూపియ్యల్ల."

"అంటే ఈ పొద్దు రాత్రికి రావా? మరి వంట?"

"శేషయ్య సారును డాక్టరు కాడికి రెండు పేర్లు రాసుకోమని చెప్పినా."

"రెండోది ఎవురిది?"

ఆమె గడప దగ్గర చెప్పులు వేసుకుంటూ చెప్పింది. "పని చేసుకుంటాండే మనిషిది."