పొరపాటున లాతినా

పోస్టులో వచ్చిన కవరు చింపి, రెండు పాస్‌పోర్టుల్లోనూ ఇటలీ వీసా ఉండటం చూసి మా ఆయన ప్రసన్న నన్ను అమాంతం ఎత్తేశారు. నా తల వంటగదిలో ప్రెస్ తలుపుకి ఠపీమని తగిలింది. కప్పులూ పళ్లేలూ పెట్టుకునే అరని ఐర్లండ్‌లో ప్రెస్ అంటారు. బొప్పి కట్టినా నవ్వు ఆగలేదు. మా పెళ్లయి రెండున్నర నెలలు. వాటర్‌ఫోర్డ్ ఆసుపత్రిలో నర్సుగా నాకు దొరికిన సెలవు నాలుగు రోజులు. వెనిస్‌లో కాలువ వైపు కిటికీ ఉన్న గదిని నేనే వెతికి పెట్టుకున్నాను.

ఆ సంతోషంలోనే ఆయన ఫోను తీసి ఒక గది రద్దు చేశారు. వీసా దరఖాస్తులో చూపించడానికి, తర్వాత రద్దు చేసుకోవచ్చని ఇంకో గది తీసిపెట్టుకోవడం ఇక్కడ మనవాళ్లకి అలవాటు. మేం అలా తీసిపెట్టుకున్నది రోమ్‌కి దక్షిణాన, లాతినా అనే ఊళ్లో. ఆ పేరు అంతకుముందు విననైనా లేదు. తీరా డబ్లిన్ విమానాశ్రయంలో కాగితాలు సర్దుతుంటే తెలిసింది, రద్దయింది వెనిస్ గది. ఈస్టర్ సెలవులు. ఎంత వెతికినా వెనిస్‌లో మళ్లీ గది దొరకలేదు. విమానం ఎలాగూ రోమ్‌కే, అక్కణ్నుంచి వెనిస్‌కి రైల్లో వెళ్దామనుకున్నాం; ఇక లాతినాకే వెళ్లాలి.

నాకు కాసేపు ఉసూరుమంది, అంతే. విమానం కిటికీలోంచి మంచుకొండలు కనిపించగానే అదీ పోయింది. ఆయన మాత్రం తేరుకోలేదు. రోమ్‌లో దిగేలోపు పదకొండుసార్లు సారీ చెప్పారు. చర్చిలో లీలారాణి ఆంటీ మా వెనిస్ ప్రయాణం గురించి అందరికీ చాటేసిందని గుర్తుచేసుకుని కుమిలిపోయారు. మర్నాడు రోమ్ తీసుకెళ్లి ఈ లోటు తీరుస్తానన్నారు. నా దిగులు రోమ్ గురించి కాదు. నాలుగు రోజులూ ఈ ముఖంతోనే గడిచిపోతే, మా మొదటి ప్రయాణం అనగానే నాకు ఆ ముఖమే గుర్తొస్తుంది.

లాతినా స్టేషన్ నుంచి ఊళ్లోకి బస్సులో వెళ్లాలి. దారి పొడవునా జామాయిల్ చెట్లు. కిటికీ తెరిస్తే అచ్చం మా ఒంగోలు రోడ్డు వాసన. ఊరు స్కేలు పెట్టి గీసినట్టుంది. తొంభై ఏళ్ల కిందట ఇదంతా చిత్తడినేల అనీ, దాన్ని ఎండగట్టి, ముందు కాగితం మీద ఊరు గీసి తర్వాత కట్టారనీ హోటల్ అమ్మాయి చెప్పింది. గడియారం గోపురం ఎదుట పెద్ద చౌకు, మధ్యలో రాతి బంతి ఉన్న ఫౌంటెన్. ఫొటోల కోసం తోసుకునేవాళ్లు లేరు. ఎండ, బల్ల, ఐస్‌క్రీమ్ తింటున్న ముసలమ్మలు. వాటర్‌ఫోర్డ్ అలవాటు కొద్దీ రెయిన్‌కోట్లు చంకన పెట్టుకుని తిరుగుతున్నాం. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

చౌకు వెనక సందులో చీజ్ కొట్టు ఉంది. గాజు గిన్నెలో, నీళ్లలో తెల్లటి ఉండలు. కొట్టావిడ ఫోనులో అనువాదం చేసి చూపించింది, గేదెపాలతో చేసినవట.

"గేదెలా?" అన్నారు ప్రసన్న. ఆ రోజు సారీ లేకుండా ఆయన నోట వచ్చిన మొదటి మాట అదే. అద్దంకి దగ్గర ఆరు గేదెల ఇంట్లో పెరిగి, ఇప్పుడు కంప్యూటర్ ముందు కూర్చునే మనిషి. మాకు ఐర్లండ్‌లో ఎటు చూసినా ఆవులే.

ఆవిడ తమ్ముడి పశువుల శాల వీడియో చూపించింది. ఆయన దాన్ని ఆపి, పెద్దది చేశారు.

"ఫెబీ, ఈ మూడోదాన్ని చూడు. పొదుగు ఎలా దిగిందో. రెండ్రోజుల్లో ఈనేస్తది."

"వెనిస్ ఏదో, లాతినా ఏదో పోల్చుకోలేనోళ్లు, ఇది చెప్తారా?"

"గదులకి పొదుగులుండవు కదే."

గేదె గురించి ఆయనన్న మాటని నేను కష్టపడి ఫోనులోకి ఎక్కించాను. ఆవిడ చదివి, మా ఆయన్ని ఎగాదిగా చూసి, తమ్ముడికి ఫోన్ చేసింది. వీడియో మొన్నటిదట. ఆ గేదె ఈ పొద్దునే ఈనిందట, దూడ ఆడదట. ఫోనులో తమ్ముడు నవ్వడం మాకూ వినిపించింది. ఆ మనిషిని తనకొకసారి చూపించమన్నాడట. మా ఆయన బల్ల మీద చెయ్యి వేసి, వంగి, కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వారు.

ఫౌంటెన్ గట్టు మీద కూర్చుని ఆ తెల్లటి ఉండలు తిన్నాం. పాలు మోచేతుల దాకా కారాయి. రోమ్ రైలు ఎన్నింటికి అని అడిగాను.

"రోమ్ లేదు, ఏం లేదు. రేపు ఆరున్నరకి ఆవిడ తమ్ముడు కారేసుకొస్తాడు. పాలు పితకడం చూద్దాం. జున్నుపాలు ఇస్తాడేమో అడుగుతా. పదింటి బస్సుకి సముద్రం, ఇక్కడికి దగ్గరేనట. రెయిన్‌కోట్లు గదిలోనే పడేద్దాం."