మగవారి అడ్మిషన్లు, బి బ్లాక్

మిషన్ ఉన్నచోటే ఉంది కదా, రికార్డు ఎందుకు మార్చాలి అన్నాడు ముస్తాక్ సాబ్. ఆ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

సౌదీలో, తబూక్‌లో ఒక ప్రైవేటు కాలేజీ ఉంది. అక్కడి ప్రింటర్లన్నీ మా కంపెనీ పెట్టినవే. వాటి రికార్డులు చూసుకోవడం నా పని. సాఫ్ట్‌వేర్‌లో ఒక్కో ప్రింటరుకు ఒక పేజీ ఉంటుంది. దాని సీరియల్ నంబరు, ఏ బిల్డింగు, ఏ గది, ఆడవాళ్ల సెక్షనా మగవాళ్ల సెక్షనా, ఏ వేళకు లోపలికి వెళ్లొచ్చు, అన్నీ అందులో రాయాలి. టోనర్, అంటే సిరా పొడి, అయిపోవస్తే ప్రింటరే సాఫ్ట్‌వేర్‌కు చెబుతుంది. సాఫ్ట్‌వేర్ ఆ పేజీ చూసి టెక్నీషియన్ ఫోనుకు టికెట్, అంటే పని చీటీ, పంపుతుంది. మధ్యలో మనిషి ఉండడు. పేజీలో ఎక్కడ అని ఉంటే టెక్నీషియన్ అక్కడికి పోతాడు. అందుకే ఆ పేజీ తప్పుంటే నాకు అన్నం సహించదు.

మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనొక్కణ్ణే. ప్రొద్దుటూరులో మా వీధికి ఏ కాగితం వచ్చినా మా అమ్మ హుస్సేన్‌బీ నన్నే పిలిచేది, నేను అందరికీ చదివి వినిపించేవాణ్ణి. ఒకసారి ఆఫీసువాళ్లు పింఛను కాగితంలో తారీఖు తప్పు రాశారు. పక్కింటి అవ్వ ఎండలో అంత దూరం నడిచి పోయి ఉత్తచేతులతో తిరిగొచ్చింది. ఆఫీసును ఒక్క మాట అనలేదు. తన ఖర్మను తిట్టుకుంటూ అరుగు మీద కూలబడింది. రాసేవాడు తప్పు రాస్తే నడిచేవాడి కాళ్లు నొస్తాయని నాకు అప్పుడే తెలిసింది.

వేసవి సెలవుల్లో కాలేజీవాళ్లు బిల్డింగులు మార్చుకున్నారు. అమ్మాయిల సంఖ్య పెరిగిందని పెద్దదైన బి బ్లాకును ఆడవాళ్లకు ఇచ్చి, మగవాళ్లను 'ఏ' బ్లాకుకు పంపారు. బల్లలు, బీరువాలు పోయాయి. ప్రింటర్లు మాత్రం ఎక్కడివక్కడే ఉండిపోయాయి. నిన్నటిదాకా మగవాళ్లు కాగితాలు తీసుకున్న మిషన్ దగ్గర ఇప్పుడు ఆడవాళ్లు ముసుగులు తీసేసి కూర్చుని పనిచేసుకుంటున్నారు. వాళ్లు ఉండగా మగవాడు ఆ గదుల్లోకి పోకూడదు. వాళ్లంతా ఇళ్లకు పోయాక, సెక్యూరిటీ ఆమెను వెంటబెట్టుకునే పోవాలి. నా రికార్డుల్లో మాత్రం ఇంకా అదే: మగవారి అడ్మిషన్లు, బి బ్లాక్, ఏ వేళకైనా వెళ్లొచ్చు.

బిల్డింగు వివరాలు మార్చాలంటే సూపర్‌వైజర్ ఒప్పుకోవాలి. మా సూపర్‌వైజర్ ముస్తాక్ సాబ్ హైదరాబాద్ మనిషి. తబూక్, హాయిల్ ఊళ్లు రెండూ ఆయన కిందే. నేను మెయిలు పెట్టాను. జవాబు లేదు. మళ్లీ పెట్టాను. చివరికి ఆయన బల్ల ముందే నిలబడ్డాను.

"మిషన్ యాడ ఉండెనో ఆడ్నే ఉంది గదా మియా. బోల్టు గూడ ఊడలే. రికార్డు ఎందుకు మార్చాలె?"

"మిషన్ కదల్లేదు సాబ్, సుట్టూ ఉండే మనుషులు మారిపోయినారు."

ఆయన నవ్వాడు. అసలు సంగతి తర్వాత చెప్పాడు. ఆడవాళ్ల సెక్షన్ అని రాస్తే సాయంత్రందాకా ఆగాలి. ఆగితే ఆలస్యమైందని స్క్రీన్ మీద టికెట్ ఎర్రగా మారుతుంది. ఎర్ర టికెట్లు ఎక్కువైతే రియాద్‌లో, మలాజ్‌లోని మా హెడ్డాఫీసువాళ్లు అడుగుతారు. కాంట్రాక్టు మళ్లీ రాసుకునే ముందు స్క్రీన్ మీద ఎరుపు కనపడకూడదు. మరి పని ఎలా అంటే, మల్లేశం ఉన్నాడుగా అన్నాడు. మల్లేశం ఆ కాలేజీకి రోజూ పోయే టెక్నీషియన్. బిల్డింగులు మారిన సంగతి అతనికి తెలుసు. టికెట్ రాగానే ఫోనులో పని అయిపోయిందని నొక్కేసి, ఆడవాళ్లు పోయాక వెళ్లి టోనర్ వేసి వచ్చేవాడు. స్క్రీనంతా పచ్చగా ఉండేది. అంతా ఒక్క మల్లేశం తలకాయలో ఉంది, సిస్టంలో లేదు. ఆ మనిషి సెలవు మీద ఊరికి పోతే ఏంది సాబ్ అని అడిగాను. పోయినప్పుడు చూద్దాం అన్నాడు.

మల్లేశం సెలవు మీద పోయాడు. ముస్తాక్ సాబ్ ఏమీ చూడలేదు. హాయిల్ నుంచి అంజన్నను బదులుగా రప్పించాడు. అంజన్నది జగిత్యాల దగ్గర పల్లె. మెల్లగా మాట్లాడతాడు, చెప్పిన పని చెప్పినట్టు చేస్తాడు. అతను వచ్చిన సంగతి కూడా నాకు ఎవరూ చెప్పలేదు. ఆ రోజు పొద్దున నేను 'ఏ' బ్లాకు స్టోరులో కొత్త మిషన్లకు నంబర్లు అంటిస్తున్నాను. బి బ్లాకులో ఒక ప్రింటరుకు టోనర్ అయిపోవచ్చింది. అంజన్న ఫోనుకు టికెట్ పోయింది.

సెక్యూరిటీవాళ్లు అతన్ని స్టోరుకు తీసుకొచ్చి కూర్చోబెట్టారు. ఆ దేశంలో ఉండనిచ్చే ఇకామా కార్డు గుంజుకున్నారు. ఒక గార్డు తలుపు దగ్గర నిలబడ్డాడు. అంజన్న టోనర్ అట్టపెట్టె మీద కూర్చుని తన రెండు చేతుల వైపే చూసుకుంటున్నాడు. ఏం జరిగిందో అడిగితే కొంచెం కొంచెంగా చెప్పాడు. సామాను తెచ్చేవాళ్లు ఎప్పుడూ వెనక తలుపు నుంచే పోతారు. కొత్త బోర్డులు ముందు వైపే పెట్టారు, వెనక పెట్టలేదు. మా కంపెనీ కార్డుకు ఆ తలుపు ఇంకా తెరుచుకుంటూనే ఉంది. మెట్లెక్కి, టికెట్‌లో ఉన్న గది నంబరు చూసుకుని, తలుపు తీశాడు.

"తీయంగనే అందరు ఆడోళ్లే తమ్మీ. ఒకామె లొల్లి వెట్టింది. నేను గోడ దిక్కు తిరిగి కండ్లు మూస్కున్న. ఎన్కకు పోదామంటె ఎవరికి తాకుతనో అని భయం. గట్లనే నిలబడ్డ, ఆళ్లు వచ్చి పట్కపోయెదాంక."

టోనర్ డబ్బా చేతుల్లో పట్టుకునే నిలబడ్డాడట. అది చెప్పి, నాదే తప్పు తమ్మీ, జర సూసుకోని పోవాల్సింది అన్నాడు. నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. అంజన్న మీద కూడా వచ్చింది. నీ తప్పేందన్నా, ఫోన్లో ఏముంటే ఆడికే పోయినావు గదా అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. కాలేజీవాళ్లు వీసా రద్దుచేసి, ఫైనల్ ఎగ్జిట్ కొట్టించి ఇండియాకు పంపెయ్యమంటున్నారని గార్డు అప్పటికే చెప్పాడట.

"పొమ్మంటె పోత. ఈ దేశం నాకేం రాసియ్యలే. గని ఆడోళ్ల రూముల జొర్రిండని పేరు వెట్టి పంపుతె ఊర్మిలకు ఏమని చెప్పాలె? మా ఊరోళ్లు ఈడ మస్తుమంది ఉన్నరు. నాకన్న ముందుగాల ముచ్చట ఇంటికి పోతది."

ఊర్మిల ఆయన భార్య. ఆయన భయమల్లా అదే. ఉద్యోగం పోవడం కాదు, ఆ పేరు.

ముస్తాక్ సాబ్ ఫోను చేసి తన గదికి రమ్మన్నాడు. నేను పోయేసరికి చాయ్ తాగుతున్నాడు. మధ్యాహ్నం మీటింగు ఉందట. ఆడవాళ్ల సెక్షన్ చూసుకునే డాక్టర్ హెస్సా స్వయంగా వస్తుందట. సిస్టంలో ఆ ప్రింటరు ఏ సెక్షన్‌లో ఉన్నట్టు రాశారో చూపించమని అడిగిందట. కప్పు కింద పెట్టి నా వైపు ప్రేమగా చూశాడు.

"మార్చు మార్చు అని నా జాన్ తిన్నవ్ గదా బేటా. ఇప్పుడు మార్చు. ఆడవాళ్ల సెక్షన్, సాయంత్రం తర్వాతనే అని కొట్టు. పర్మిషన్ ఇచ్చేసిన."

ముందు నాకు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. పేజీ తెరిస్తే ఇప్పుడున్న వివరమే కనబడుతుంది. పాతది ఏమిటి, ఎప్పుడు మార్చారు అన్నది ఆయన లాగిన్‌లో తప్ప ఇంకెవరికీ కనబడదు. నేను మార్చి సేవ్ నొక్కితే డాక్టర్ హెస్సాకు ఏం కనబడుతుంది? ఆడవాళ్ల సెక్షన్ అని స్పష్టంగా రాసి ఉన్నా ఒక టెక్నీషియన్ పట్టపగలు కావాలని లోపలికి పోయాడని కనబడుతుంది. ఇన్నాళ్లు నేను వేడుకున్న మార్పుతోనే అంజన్న మెడకు ఉరి బిగిస్తున్నాడు.

అంజన్న ఫోన్లో టికెట్ ఉంది కదా సాబ్ అన్నాను. ఫోను కంపెనీది, ఇప్పుడు నా సొరుగులో ఉంది అన్నాడు. అంజన్న సంగతేమిటంటే, ఎట్లాగూ పెద్దవాడయ్యాడు, ఇంటికి పోయి హాయిగా ఉంటాడు అన్నాడు. కాంట్రాక్టు పోతే మనందరం పోతాం, నీకు చదువుంది, ఆలోచించుకో అన్నాడు. చదువు మాట ఆయన నోట వింటుంటే ఆ కప్పు తీసి గోడకేసి కొట్టాలనిపించింది. కొట్టలేదు. సరే సాబ్ అని నా బల్ల దగ్గరికి వచ్చాను.

రికార్డు తెరిచి కూర్చున్నాను. మార్చకూడదు అనుకున్నాను. కానీ టోనర్ ఇంకా వెయ్యలేదు. ఆ ప్రింటరు మళ్లీ అడుగుతుంది. సాఫ్ట్‌వేర్ మళ్లీ టికెట్ పంపుతుంది. ఈసారి ఇంకెవడో ఆ వెనక మెట్లెక్కుతాడు. మార్చకపోతే వాడు పోతాడు, మారిస్తే అంజన్న పోతాడు. ఇటువంటి చోట మనిషిని నిలబెట్టినందుకు ముస్తాక్ సాబ్‌ను నోటికొచ్చినట్టు తిట్టుకున్నాను, మా ప్రొద్దుటూరు తిట్లే.

మార్చాను. ఒక్క ఆ ప్రింటరుకే కాదు, బి బ్లాకులో ఉన్నవాటన్నిటికీ మార్చాను. ప్రతి పేజీ అడుగున రిమార్కులు రాసే గడి ఒకటి ఉంటుంది. ఎవరూ రాయరు, ఎవరూ చదవరు. అందులో రాశాను: ఈ వివరం ఈ రోజు, సంఘటన జరిగిన తర్వాత మార్చబడినది. పొద్దున టికెట్ మగవారి అడ్మిషన్లు అనే పోయింది. కింద నా పేరు పెట్టాను.

మీటింగులో అంజన్నను తలుపు పక్కన నిలబెట్టారు. డాక్టర్ హెస్సా బల్లకు అటువైపు కూర్చుంది. ముఖం మీద ముసుగులో కళ్లు మాత్రమే కనబడుతున్నాయి. ముస్తాక్ సాబ్ స్క్రీన్ ఆమె వైపు తిప్పాడు. ఆడవాళ్ల సెక్షన్ అన్న గడి మీద వేలు పెట్టి, మా తరఫున రికార్డు సరిగ్గానే ఉంది మేడం, టెక్నీషియన్ చూసుకోలేదు అన్నాడు. పేజీని అడుగుదాకా జరపలేదు. ఆమె స్క్రీన్ చూసింది, అంజన్నను చూసింది. అంజన్న అప్పుడు కూడా గోడ వైపు తిరిగే ఉన్నాడు. ఆమె గదిలో ఉంది కదా, అందుకని.

ఇతను ఎందుకలా నిలబడ్డాడు అని ఆమె ఇంగ్లీషులో అడిగింది. పొద్దున కూడా ఇలాగే నిలబడ్డాడట కదా అంది. తర్వాత సూటిగా నన్నే అడిగింది, ఈ రికార్డులు నువ్వేనా రాసేది అని. అవునన్నాను.

"పొద్దున ఇందులో ఏముంది?"

ముస్తాక్ సాబ్ గొంతు సవరించుకున్నాడు. నేను ఆయన వైపు చూడకుండా చెప్పాను.

"పొద్దున మగవాళ్ల సెక్షన్ అని ఉంది మేడం. ఇప్పుడే నేను మార్చాను. కింద రాశాను, చదవండి."

ఆమె చెయ్యి చాపి తనే మౌసు తీసుకుంది. చదివింది. వేసవి నుంచి ఎందుకు మార్చలేదని అడిగింది. మార్చమని నేను పెట్టిన మెయిళ్లు ఉన్నాయని చెప్పాను. టికెట్ వచ్చిన ఫోను ఎక్కడుందో కూడా చెప్పాను. ముస్తాక్ సాబ్ చిన్న పొరపాటు, కమ్యూనికేషన్ గ్యాప్ అంటూ ఏదో మొదలుపెట్టాడు. ఆమె వినలేదు. గార్డును పిలిచి అరబిక్‌లో ఏదో చెప్పింది. గార్డు జేబులోంచి ఇకామా తీసి అంజన్న చేతిలో పెట్టాడు. రిపోర్టులో ఈ మనిషి తప్పు లేదని రాస్తానని, వెనక తలుపు కార్డులన్నీ ఈ రోజే రద్దు చేయిస్తానని చెప్పింది. అయితే ఇతను మళ్లీ ఈ కాలేజీకి రాకపోవడం మంచిదంది. తప్పు లేనివాణ్ణి ఎందుకు రావద్దంటారని అడగాలనిపించింది. అడగకుండా నోరు మూసుకున్నాను. ఆ కోపం కూడా నాలో ఉండిపోయింది.

బయటికి వచ్చాక అంజన్న ఇకామాను చొక్కా అంచుతో తుడిచి జేబులో పెట్టుకున్నాడు. ఊర్మిలకు చెప్పేదేం లేదు ఇగ అన్నాడు. అంతే అన్నాడు. ఆ సాయంత్రమే హాయిల్ బస్సెక్కాడు.

మర్నాడు నా లాగిన్‌లో సేవ్ బటన్ బూడిద రంగులో ఉంది. రికార్డులు చూడగలను, మార్చలేను. నీ పని చూడటం, నోరు తెరవడం కాదని ముస్తాక్ సాబ్ మెయిలు పెట్టాడు. మెయిలుకు మాత్రం ఆయనకు వెంటనే తీరిక దొరికింది.

తర్వాత కొన్నాళ్లకు అంజన్న హాయిల్ నుంచి ఫోను చేశాడు. ఒక ఆఫీసు గుమ్మం ముందు నిలబడి ఉన్నాడు.

"తమ్మీ, టికెట్ల మీది అంతస్తు, ఎడమదిక్కు రూము అంటున్నది. కరెక్టేనా?"

పేజీ తెరిచి చూశాను. అట్లే ఉందన్నా అని చెప్పాను.

"పేజీల ఉన్నది కాదు తమ్మీ. నిజంగ ఆ తలుపెన్క ఎవ్వలున్నరు?"

నాకు తెలియదు. నేను హాయిల్ చూడనేలేదు. ఆడ్నే ఉండన్నా, లోపలికి పోవద్దు అని చెప్పి, ఆ ఆఫీసు రిసెప్షన్ నంబరు వెతికి ఫోను చేశాను. ఎవరూ ఎత్తలేదు. మళ్లీ చేశాను. ఎవరో ఎత్తి, నమాజుకు పోయారు, ఆగండి అన్నారు. ఆగాను. అంజన్న అక్కడ, గోడ పక్కన, ఆగి ఉన్నాడు.

స్క్రీన్ మీద ఆ టికెట్ పసుపు రంగుకు తిరిగి, తర్వాత ఎర్రగా అయింది. నా బల్ల మీది ఫోను మోగింది. ఎత్తాను. అది ఎందుకు ఎర్రగా ఉంది అని అడిగాడు ముస్తాక్ సాబ్.

"ఎర్రగానే ఉండనీండి సాబ్" అని పెట్టేశాను.