నోట్లో నాలుక లేని పిల్ల

ఇసుక మీద నెత్తళ్ళ చేపలు ఆరబోయడానికి వెళ్ళే ముందు కూతుర్ని ఇంటి నిట్రాడికి కట్టడం సౌందర్యకు పొద్దుటి పనుల్లో ఒకటి. పాత చీర పేలికను నడుముకు చుట్టి రెండు ముళ్ళు వేస్తుంది. రెండున్నరేళ్ళ సస్మిత పెనుగులాడదు, ఏడవదు. ఒక గవ్వను నేలమీద తిప్పుకుంటూ కూర్చుంటుంది. "బంగారు తల్లి. ఎక్కడెడితే అక్కడే ఉంటాది. ఇలాటి పిల్ల రామయ్యపట్నంలో ఎవులింట ఉందే?" అని అత్త అప్పలనర్సమ్మ మురిసిపోయేది. దాచడమెందుకు, సౌందర్యా మురిసిపోయింది. నీళ్ళు మోయాలి, చేపలు తిరగెయ్యాలి, వండాలి. ఏడవని పిల్ల అంటే వరమే కదా.

మాట రాలేదని అత్త వస అరగదీసి నాలుకకు రాసింది. వసకు లొంగే మౌనం కాదది. చివరికి అంగన్‌వాడీ ఆమె బరంపురం పంపితే, అక్కడ చిన్నపిల్లల సెంటర్లో మాటలు నేర్పే దీదీ ఒక్కటే అడిగింది. "పేరు పిలిస్తే తిరిగి చూస్తాదా?" సౌందర్య పిల్లకేసి చూసింది. పిల్లను పేరు పెట్టి పిలిచే తీరిక తనకెప్పుడు దొరికింది గనక? "ఎదురుగా కూర్చో. ఒక మాట చెప్పు, ఆగు. దాని వంతు దానికియ్యి. టికే టికే నేర్చుకుంటాది" అంది దీదీ, ఒడియా కలిసిన తెలుగులో. వారం వారం తీసుకురమ్మంది, ఆలస్యం చేసేకొద్దీ కష్టమవుతుందని కూడా చెప్పింది. కొంచెం కొంచెంగా సరే, ఆ ఇంట్లో ఆమెను ఎవరు ఆగనిస్తారు?

ఆ రోజే సముద్రంలో మొగుడు పైడన్న వల చిరిగింది. అంతే, అత్త చేతికి ఆయుధం దొరికింది. "మొగోడు నీటిమీద ఉండగా ఆడది పొలిమేర దాటితే గంగమ్మ ఊరుకుంటాదేటి? ఈ పాలి వల పోనాది. మళ్ళీ ఎల్లేవంటే ఏటి పోతాదో!" పోనీ వేట నిషేధం రోజుల్లో, పడవ ఒడ్డునున్నప్పుడు వెళ్దామంటే మొగుడు కంచం ముందు కూర్చుని, "నేను ఇంటికాడున్న నాలుగు నాళ్ళూ నువ్వు బరంపురం ఎల్తే కూడెవులొండుతారే?" అన్నాడు. పడవ నీళ్ళలో ఉంటే కదలకూడదు, ఒడ్డున ఉంటే కదలనివ్వరు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆ మధ్యలో పిల్ల వయసు మాత్రం ఎవరి అనుమతీ అడక్కుండా నడిచిపోతోంది.

నిన్న పేలిక ముడి వదులైంది. చేపలు తిరగేస్తున్న సౌందర్య తలెత్తేసరికి సస్మిత తిన్నగా అలల్లోకి నడుస్తోంది. "సస్మీ!" అని గొంతు చించుకుని అరిచింది. పిల్ల తిరగలేదు. మళ్ళీ అరిచింది. తిరగలేదు. నీళ్ళు దాని నడుమెక్కాక అందుకుని లాగింది. ఒడ్డున కూలబడి, తడిసిన పిల్లను గుండెకదుముకుని కొంగుతో తుడుస్తుంటే అత్త వచ్చి చూసింది.

"ముడి గట్టిగా ఎయ్యాల. మాటలంటావా, ఆడపిల్లకి నోరు లేకపోతేనే సుకం. నువ్వు బతకట్లేదేటి?"

పెళ్ళిచూపులనాడు ఇదే మనిషి, "నోట్లో నాలిక లేని పిల్ల, మా ఇంటికి ఇలాటిదే కావాల" అంటే సిగ్గుపడి తల వంచుకుంది సౌందర్య. ఆ మెప్పునే ఇన్నేళ్ళూ నగలా మోసింది. ఇప్పుడదే నగను కూతురి మెడలో వేస్తున్నారు. తన నాలుకంటే తను మింగేసుకుంది, సరే. ఆ పసిదానిది ఎవరు మింగుతున్నట్టు?

ఈ పొద్దున తూర్పున నల్లగా మబ్బు కమ్ముకుంది. గాలి ఇసుకను లేపి ముఖాన కొడుతోంది. చీకటితో వేటకెళ్ళిన పైడన్న పడవ ఇంకా కనబడలేదు. ఒడ్డున ఆడవాళ్ళు నీళ్ళకేసి చూస్తున్నారు. సౌందర్య కళ్ళూ ఆ పడవనే వెతికాయి. ఈరోజు ఏం జరిగినా ఊరు ఎవరి పేరెత్తుతుందో ఆమెకు తెలుసు.

అయినా పేలిక అందుకోలేదు. పిల్లకు ఉతికిన గౌను తొడిగి చంకనేసుకుంది. గవ్వ దాని గుప్పిట్లోనే ఉంది.

గుమ్మానికి అడ్డంగా చేతులు చాపింది అప్పలనర్సమ్మ. "నీకు మతి పోనాదేటే? ఇయ్యాల బరంపురం ఎల్తావా? నా కొడుకు నీటిమీద ఉన్నాడు!"

సౌందర్య ఆ చేతిని పక్కకు తీసింది.

"నీ కొడుక్కి ఈతొచ్చు అత్తా. నా కూతురికి రాదు."