ఇనపమ్మ గొంతు

ఫిల్మ్‌నగర్‌లోని డబ్బింగ్ థియేటర్‌లో కౌసల్యకు నెల రోజులుగా ఒకటే పని. పాత కార్టూన్ సీరియల్ ఒకటి తెలుగులోకి వస్తోంది; పూర్తయిన భాగాలు వెంటవెంటనే టీవీలో వేస్తున్నారు. అమ్మ, నాన్న, ఇద్దరు పిల్లలు. నాన్నకు యంత్రాల పిచ్చి. జడలల్లే కుర్చీ, తప్పిపోయిన చెప్పుల్ని వెతికి తెచ్చే కర్ర, ఇలా వారానికొకటి తయారు చేస్తాడు. ఒకసారి అమ్మకు తీరిక లేదని ఇనప బీరువాకు చేతులు తగిలించి, దానిచేత పిల్లలకు అన్నం పెట్టిస్తాడు. దాని పేరు ఇనపమ్మ. అమ్మకూ ఇనపమ్మకూ కౌసల్యదే గొంతు.

మొదటి రోజే సౌండ్ ఇంజనీరు యాదగిరి అద్దం అవతలి నుంచి ఆపాడు.

“మేడం, ఇనపమ్మకు ఊపిరెక్కడిది? మాటమాటకు మీరు గాలి తీస్కునుడు ఇనవడ్తుంది. రికార్డింగుల నుంచి గదంత కోసుకుంట కూసుంటే నాకు తెల్లారుతది.”

ఇరవై ఏళ్లుగా కౌసల్య ఊపిరిని కూడా మాటంత శ్రద్ధగా పలికింది. ఏడుపుకు ముందొకటి, కోపానికి ముందొకటి. ఇప్పుడది అసలే వినబడకూడదు. ఆమెకు పంతం పట్టింది. ఆటోలో, వంటింట్లో సాధన చేసింది. వారం తిరిగేసరికి పేజీకి పేజీ ఊపిరి జాడ లేకుండా చదివేసింది. ఒక్క కోత కూడా పడలేదని యాదగిరి మురిసిపోయాడు.

యూసుఫ్‌గూడలోని ఇంట్లో ఆరేళ్ల కూతురు వర్ణికకు సాయంత్రం కథ చెబుతూ అన్నం తినిపించడం కౌసల్యకు అలవాటు. ఒకరోజు కథ మధ్యలో వర్ణిక అరచేయి తెచ్చి తల్లి ముక్కు కింద పెట్టింది. ఆటేమో అనుకుంది కౌసల్య. మర్నాడూ అంతే. మూడో రోజు పిల్ల ముద్దకు నోరు తెరవలేదు.

“నువ్వు గాలి వదలట్లేదు,” అంది.

నవ్వబోయి ఆగింది కౌసల్య. కథ మొదలైనప్పటి నుంచీ ఊపిరి తీసుకున్న గుర్తు లేదు. ఆయాసమూ లేదు.

టీవీలో ఆ కార్టూన్ చూసి చూసి పిల్ల జడుసుకుందని విసుక్కుంటూ, దిష్టి తీయడానికి ఉప్పు తేవాలని అత్తగారు సుబ్బులు లోపలికి వెళ్లింది.

కౌసల్య గుండెల నిండా గాలి పీల్చి వదిలింది.

“అది టీవీలో అమ్మది. కేకు మాడిపోయినప్పటిది,” అంది వర్ణిక.

ఈసారి మెల్లగా తీసింది.

“అది పిల్లాడికి జ్వరమొచ్చినప్పటిది.”

మూడోది, నాలుగోది. అన్నిటినీ పిల్ల గుర్తుపట్టింది. కౌసల్య ముద్దను తిరిగి కంచంలో పెట్టేసింది.

“మా అమ్మది తియ్యి,” అంది వర్ణిక.

కౌసల్య ప్రయత్నించింది. అదెలా ఉండేదో తట్టలేదు.

వర్ణిక ఏడవలేదు. లేచి వీధి గుమ్మంలో కూర్చుని, లోపలికి వినబడేలా అడిగింది.

“నానమ్మా, అమ్మ ఎన్నింటికొస్తుంది?”

కంచం పట్టుకుని కౌసల్య వచ్చి పక్కన నిలబడింది. కొత్తవాళ్లకు ఇచ్చినట్టు వర్ణిక కాస్త జరిగి చోటిచ్చింది. కౌసల్య కూర్చుని, తనూ వీధి మలుపు వైపు చూడసాగింది.