చెట్టియారు పొట్ట

పప్పుల కొట్టు వీరరాఘవులు పట్టపగలు షట్టరు దించేశాడని, కూతురి చెయ్యి పట్టుకొని వీధిలో పరుగులాంటి నడక నడిచాడని ఎదురింటి పొన్నమ్మ పూలామెతో అన్నదట. "ఎవురైనా పోయినారా?" అని పూలామె అడిగిందట. "ఎవురూ పోలే. కాగితాలు పిసకడానికి పోతా ఉండాడంట! పెండ్లినాటి సాయంత్రమే కొట్టు తెరిచిన మనిషి!" అన్నదట పొన్నమ్మ. ఈ మాట పంపు దగ్గర బిందెల వరస దాటి వీరరాఘవులు భార్య వాసవాంబ చెవిన పడేసరికి, ఆమె మొగుడు కాగితాలు తింటున్నాడన్న దాకా వచ్చింది.

జరిగింది ఇంతే. మద్రాసు పేరు చెన్నై అయిన మరుసటి వేసవి అది. చింతాద్రిపేటలో డ్రాయింగు టీచరు కోకిల సెలవుల్లో పిల్లలకు బొమ్మల క్లాసు పెట్టింది. షరతు ఒకటే. ప్రతి బొమ్మ మీదా పిల్ల చెయ్యీ పడాలి, ఇంటి పెద్ద చెయ్యీ పడాలి. ఆఖరున ఆదివారం నాడు దసరా కొలువులాగే మెట్ల మీద పేర్చి వీధివాళ్ళందరికీ చూపిస్తారు.

అయిదో క్లాసు ముగించిన సింధూరి నేరుగా తండ్రి కొట్టుకే పోయింది.

"మీ అమ్మను తీసుకోని పో," అన్నాడు వీరరాఘవులు.

"అమ్మ అన్నిటికీ వస్తాది నైనా. నువ్వే దేనికీ రాలే. ఈసారి నువ్వే రావాల."

ఆయన కందిపప్పు జల్లెడ మీంచి తల ఎత్తలేదు.

"మమ్మల్ని చెట్టియారు బొమ్మ చెయ్యమన్నారు. కొలువులో పప్పులూ ఉప్పులూ ముందర పెట్టుకోని కూచుంటాడే, ఆయన. నువ్వు రాకుంటే చెట్టి ఎట్ల కూచుంటాడో టీచరే చూపిస్తాదంట."

"ఆమెకేం తెల్సు?" అని వీరరాఘవులు జల్లెడ పక్కన పెట్టాడు.

క్లాసు జరిగే హాల్లో అడుగు పెట్టిన కాసేపటికే పంచె ఎగగట్టాడు. నానేసి రుబ్బిన పాత పేపర్ల గుజ్జులో మైదా గంజి, పురుగు పట్టకుండా మెంతిపిండి. ఆ ముద్దను బోర్లించిన చెంబు మీద మెత్తి, కాస్త బిగిశాక తీస్తే బొమ్మ పొట్ట. గంజి మోచేతుల దాకా ఎక్కింది.

"ఆ కాలు మడువు తల్లీ! చెట్టి కాలు చాపడు. బేరమొస్తే లేచే పని లేకుండా కూచుంటాడు!"

పక్కన పెరంబూరు రైల్వే వర్క్‌షాపు మునికృష్ణ, కొడుకుతో కలిసి ఏనుగు చేస్తున్నాడు. "ఏం సార్, ఎలికా అది?" అని వీరరాఘవులు కేకేశాడు. "ముందు మీ చెట్టి మూతి చూసుకోండి సార్!" అన్నాడు మునికృష్ణ. పిల్లలు పడీపడీ నవ్వారు. తండ్రి గొంతు ఇంత కులాసాగా ఉంటుందని సింధూరికి అప్పుడే తెలిసింది. అటు పోయే వాళ్ళనీ ఇటు పోయే వాళ్ళనీ ఆపి, "ఆయన మా నైన," అని చెప్పింది.

బొమ్మ అడుగు మూసే ముందు వీరరాఘవులు పొట్టను అరచేతిలో ఎత్తి చూశాడు. మొహం మాడింది.

"ఏందిది, ఉత్త డొల్ల! చేతికి తూకమే రాలే."

"బొమ్మ డొల్లగానే ఉండాలండీ. లోపల బాగా ఆరినాక మూయండి," అంది కోకిల.

"చెట్టి పొట్ట ఖాళీగా ఉంటే ఎవురు నమ్మి సరుకు కొంటారు?" అని గొణిగాడు ఆయన. మర్నాడు చొక్కా జేబుల నిండా పెసలు తెచ్చి, కోకిల అటు తిరగ్గానే పచ్చి పొట్టలో గుమ్మరించి, మీద తడి గుజ్జు దట్టించాడు.

"నైనా, ఆరినాక మూయమనింది గదా?"

"ఎత్తి చూడు."

సింధూరి ఎత్తింది. నిజం మనిషిలా బరువుగా ఉన్నాడు. తండ్రీ కూతుళ్ళు దొంగల్లా నవ్వుకున్నారు. తలపాగాకు ఎరుపు, మీసానికి నలుపు వేసి, ఎండకు పగుళ్ళొస్తాయని మూలన పెట్టి, తడి గోనె కప్పి ఇంటికి పోయారు.

పుట్టిన కాడి నుంచీ పప్పుల మధ్య బతికిన మనిషికి, తడి గోనె కింద పెసలు ఏమవుతాయో తట్టనే లేదు.

ఆదివారం వీధి వీధంతా హాల్లోనే ఉంది. పొన్నమ్మ అందరికన్నా ముందొచ్చి కుర్చీ పట్టింది. సింధూరి గోనె లాగింది. చెట్టియారు పొట్ట అడ్డంగా చీలి, తెల్లటి మొలకలు బయటికి తొంగి చూస్తున్నాయి.

"చెట్టియారు మొలకెత్తినాడు!" అని మునికృష్ణ కొడుకు అరిచాడు. హాలు హోరెత్తింది. చూడటానికి పిల్లలు ఒకరి మీద ఒకరు ఎక్కారు. "తిరగమోత పెడితే సుండల్ గుగ్గిళ్ళు అయిపోయ!" అంది పొన్నమ్మ. సింధూరికీ నవ్వు ఆగలేదు.

కోకిల మాత్రం మెట్లకు చెయ్యి అడ్డం పెట్టింది. "పగిలిన బొమ్మను కొలువులో పెట్టకూడదమ్మా."

అది అందరికీ తెలిసిందే. మెట్టు మీద చెట్టియారు చోటు ఖాళీగా ఉంది. సింధూరి నవ్వు ఆగిపోయింది. అది చూసి వీరరాఘవులు జేబు తడుముకున్నాడు.

"ఏడవబాక తల్లీ! ఆటో ఎక్కి బొమ్మలమ్మే కొసపేటకు పోయినానంటే చిటికెలో తెస్తా. ఫస్ట్ క్లాస్ చెట్టి, పగులు లేనోడు, వీడికన్నా పెద్దోడు. ఈడనే కూచోబెడదాం!"

సింధూరి మొలకల చెట్టియారును రెండు చేతులా ఎత్తుకొని, టీచరు చెయ్యి కింద నుంచి దూరి, ఖాళీ చోట్లో కూర్చోబెట్టింది. తండ్రి వైపు తిరిగింది.

"కొనుక్కోని వచ్చేదానికైతే నువ్వెందుకు నైనా? కొట్లోనే ఉండాల్సింది."